పదకొండున్నరకు తినే తిండి కాదది

జులై నెల, శనివారం, పదీ ముప్పావు. దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టన్ పాత ఊళ్ళో ఒక పేరున్న రెస్టరెంటు ముందు, నీడ లేని కాలిబాట మీద నిలబడి ఉన్నాం. మా ముందు ఇరవై మంది, వెనక ఇంకో ఇరవై. మా వంతు రావడానికి నలభై నిమిషాలు పడుతుందని గుమ్మం దగ్గరి అమ్మాయి నవ్వుతూ చెప్పింది. ఉష్ణోగ్రత 34 డిగ్రీలే. బెజవాడ మే నెలను చూసినదాన్ని, 34 ఒక లెక్కా అనుకుంటూ నేనుండే షార్లెట్‌లో కారెక్కాను. ఆ ధీమా కాలిబాట మీద పది నిమిషాలు కూడా నిలవలేదు. ఇది సముద్రపు ఉక్క. చెమట పడుతుంది గాని ఆరదు. బందరులో పుట్టి పెరిగిన మా అమ్మకు ఈ ఉక్క పాత చుట్టమే కాబట్టి ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుని ఊరుకుంది. కాసేపటికి అడిగింది.

"అమ్మాయ్, ఇప్పుడు మనం తినబోయేది టిఫినా, భోజనమా?"

"రెండూనమ్మా. బ్రంచ్ అంటారు."

"అంటే రెండు పూటలు మాడి ఒక పూట తినడమా?"

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట ఎంత నిజమో నాకు మధ్యాహ్నం రెండింటికి తెలిసింది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల సంప్రదాయ బ్రంచ్ తినాలన్నది నా చిరకాల కోరిక. ఈ దేశంలో పదకొండేళ్ళుగా ఉంటూ, అందులో ఆరేళ్ళు ఉత్తర కరొలైనాలోనే ఉంటూ, ఈ తిండిని సరిగ్గా కూర్చుని తినలేదన్న చిన్నతనం కూడా ఉంది. అందుకే లోపల కుర్చీ దొరకగానే ఆబగా అన్నీ చెప్పేశాను. బిస్కట్లు, గ్రేవీ. ఇక్కడ బిస్కట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు. మెత్తటి గోధుమ పిండిలో చల్లటి వెన్న నలిపి, మజ్జిగతో కలిపి, వేడి పొయ్యిలో కాల్చిన పొరల రొట్టె. దాని మీద పోసే గ్రేవీ పంది మాంసం కొవ్వులో పిండి వేయించి, పాలు పోసి చిక్కబరచినది. వేయించిన కోడి. రొయ్యలు, గ్రిట్స్. పక్కన చీజ్ పోసిన మాకరోనీ. దక్షిణాది హోటళ్ళలో దీన్ని కూరగాయల జాబితాలో వేస్తారు, ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. వీటన్నిటితో పెద్ద గ్లాసు నిండా మంచు వేసిన తీపి టీ, తాగేకొద్దీ మళ్ళీ నింపుతూనే ఉంటారు.

అమ్మ గ్రిట్స్ గిన్నె దగ్గరికి లాక్కుని ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. "ఇదేమిటే, మొక్కజొన్న రవ్వ జావ! దీనికోసమా నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టావు?" అంది గాని, గిన్నె మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. దాంతో పాటు బెండకాయలు, టమాటాలు కలిపి ఉడికించిన కూర, వెనిగర్‌లో ఊరేసిన బెండకాయలు, రెండు పుచ్చకాయ ముక్కలు తిని చేతులు కడుక్కుంది. వడ్డించిన పెద్దావిడ ప్రతి మాటకూ చివర 'మేమ్' అని చేరుస్తుంటే అమ్మకు బాగా నచ్చింది. "వీళ్ళకీ అండీ ఉందన్నమాట" అంది.

రుచి సంగతి దాచను. అద్భుతంగా ఉంది. ఆ బిస్కట్ కోసం మళ్ళీ మూడున్నర గంటలు కారు నడపమన్నా నడుపుతాను. సమస్య బయటికి వచ్చాక మొదలైంది. లోపల ఎ.సి. చలికి చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్ళం, తలుపు తీయగానే తడిబట్ట ముఖం మీద కప్పినట్టయింది. సముద్రం వైపు నడవాలని అనుకున్నాం. పావుగంట నడిచేసరికి నా కళ్ళ ముందు మెరుపులు మొదలయ్యాయి. వైట్ పాయింట్ తోటలో పెద్ద ఓక్ చెట్ల కింద బల్ల మీద కూలబడ్డాను. డెబ్బై ఏళ్ళ మా అమ్మ, నలభై దాటిన నాకు, మ్యూజియం కరపత్రంతో విసిరింది.

ఇందులో వింతేమీ లేదు. కడుపు నిండా తిన్నాక నెత్తురు పేగుల వైపు పరుగెత్తుతుంది. ఎండలో ఒంటిని చల్లబరచాలంటే అదే నెత్తురు చర్మం వైపు రావాలి. రెండు పనులూ ఒకేసారి అడిగితే తల తిరుగుతుంది. పైగా అరిగించుకోవడం కూడా వేడి పుట్టించే పనే, మాంసకృత్తులైతే మరీను. వాటి నుంచి వచ్చే శక్తిలో ఐదో వంతుకు పైగా వాటిని అరిగించడానికే ఖర్చవుతుంది. నేను పొట్టలో పొయ్యి వెలిగించుకుని ఉక్కలో నడకకు బయలుదేరానన్నమాట.

ఆ సాయంత్రం ఒక స్నేహితుడు ఫోన్లో నా గోడు విని తీర్పు చెప్పేశాడు. "వెన్న, పంది కొవ్వు, చక్కెర. ఎండ ఊళ్ళో ఎలా తినాలో వాళ్ళకు తెలియదండీ. మన పెరుగన్నం చూడండి, ఎన్ని తరాల అనుభవం!" ఆ సమయంలో నేను కూడా ఊఁ కొట్టాను. రాత్రి పడుకున్నాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇక్కడి ఎండ ఇక్కడివాళ్ళకు కొత్తదా? మూడున్నర శతాబ్దాలుగా ఈ ఊరు ఇదే ఉక్కలో ఉంది. ఎండకు తగిన తిండి లేకుండానే ఇన్ని తరాలు పొలాల్లో పని చేశాయా? అతని మాట తప్పు. తప్పు తిండిలో లేదు, వేళలో ఉంది. నేను పదకొండున్నరకు తిన్నది నిజానికి తెల్లవారుజామున తినే తిండి, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళ తిండి. పని తీసేసి, వేళ మార్చేసి, ధర పెంచేసి దాన్ని నా ముందు పెట్టారు.

రొయ్యలు, గ్రిట్స్ సంగతే చూడండి. ఈ తీరప్రాంతంలో అది వేసవిలో రొయ్యలు పట్టేవాళ్ళ ఉదయపు తిండి. వాగుల్లో దొరికిన చిన్న రొయ్యలను కాస్త వెన్నలో వేయించి జావ మీద వేసుకుని తినేవారు. అంతే. ఆ జావ కూడా ఇక్కడి ఆదివాసులు నేర్పినదే. చార్ల్స్‌టన్ పాతవాళ్ళు వండిన దాన్ని హోమినీ అని, వండని రవ్వను గ్రిట్స్ అని పిలిచేవారు. దేశమంతా దీని పేరు తెలిసింది 1985లో. చాపెల్ హిల్ అనే ఊళ్ళో బిల్ నీల్ అనే వంటవాడు తన రెస్టరెంటులో దీన్ని రాత్రి భోజనంగా పెట్టాడు. న్యూయార్క్ టైమ్స్‌లో క్రెయిగ్ క్లెయిబోర్న్ అనే ఆహార రచయిత దాని గురించి రాశాడు. ఆ వంటకంలో చీజ్ చేరింది, పంది మాంసం చేరింది, పుట్టగొడుగులు చేరాయి. చాపెల్ హిల్ సముద్రానికి చాలా దూరం. నీల్‌ను తప్పు పట్టను, రాత్రి ఏడింటికి అది గొప్ప వంటకమే. కాని పడవ మీది ఉదయపు జావ ఆ దారిన వెళ్ళి, బరువెక్కి, తిరిగి వచ్చి మధ్యాహ్నపు బల్ల మీద కూర్చుంది. నేను తిన్నది దాన్ని.

గ్రేవీ కథా అలాంటిదే. దానికి సామిల్లు గ్రేవీ అని ఇంకో పేరుంది. అడవుల్లో మానులు కొట్టి కోసే కూలీల శిబిరాల్లో పుట్టిందంటారు. రోజంతా రంపం లాగేవాడికి ఆ కొవ్వు కావాలి. కారులో కూర్చుని వచ్చిన నాకెందుకు?

ఇక బ్రంచ్ అనే మాట దక్షిణాదిది కానే కాదు, అమెరికాది కూడా కాదు. 1895లో గై బెరింగర్ అనే ఇంగ్లండు రచయిత ఒక పత్రికలో ఆదివారం పూట ఆలస్యంగా లేచి ఒకే భోజనం చేద్దామని వాదించాడు. శనివారం రాత్రి తాగినవాళ్ళకు ఇది మేలని కూడా అన్నాడు. చలి దేశపు మనిషి, చలి దేశపు ఆలోచన. అయితే పదకొండింటి భోజనం దక్షిణాదిలో అంతకు ముందే ఉంది, దాని కారణం మాత్రం పూర్తిగా వేరు. న్యూఆర్లియన్స్‌లో ఫ్రెంచ్ మార్కెట్ దగ్గర, బవేరియా నుంచి వచ్చిన ఎలిజబెత్ బెగే 1863 నుంచి ఒక భోజనశాల నడిపింది. అందులో పదకొండింటికి రెండో ఉదయపు తిండి పెట్టేది. ఎవరికి? మార్కెట్లో మాంసం కొట్టేవాళ్ళకు. వాళ్ళు చీకటితో లేచి పనిలో దిగినవాళ్ళు. పదకొండింటికి వాళ్ళ రోజు ముగింపుకు వస్తుంది, తిని పడుకుంటారు. అది వాళ్ళకు మధ్యాహ్నపు భోజనం కన్నా రాత్రి భోజనానికే దగ్గర. 1884లో ఆ ఊళ్ళో పత్తి ప్రదర్శన జరిగింది. చూడటానికి వచ్చిన జనం ఆ బల్లల చుట్టూ చేరారు. క్రమంగా కసాయివాళ్ళ కుర్చీల్లో యాత్రికులు కూర్చున్నారు. తిండి అదే, వేళ అదే, తినేవాడు మారాడు. చీకటితో లేచినవాడి స్థానంలోకి పదింటికి లేచినవాడు వచ్చాడు. నా వాదన మొత్తం ఆ ఒక్క బల్ల చుట్టూ జరిగిపోయిందనిపిస్తుంది.

మరి ఎండకు తగిన తిండి ఎక్కడుంది? ఉంది. అమ్మ తిన్న పక్క గిన్నెల్లో ఉంది.

మొక్కజొన్న రొట్టెను చల్లటి మజ్జిగ గ్లాసులో తుంచి వేసి చెంచాతో తింటారు ఇక్కడి పల్లెల్లో. కొందరు పైన ఉల్లిపాయ కొరుక్కుంటారు. ఈ సంగతి మా పక్కింటి పెద్దాయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు, ఆయన తిని చూపించాడు. మన అంబలికీ మజ్జిగన్నానికీ స్వయానా పినతల్లి బిడ్డ. ఏ బ్రంచ్ జాబితాలోనైనా కనిపిస్తుందేమో చూడండి. కనిపించదు. గ్లాసుడు మజ్జిగకు ఎంత ధర వేయగలరు? ఉడికించిన వేరుశనక్కాయలు రోడ్డు పక్క అమ్ముతారు. దక్షిణ కరొలైనా 2006లో వాటిని రాష్ట్రపు అధికారిక చిరుతిండిగా చట్టం చేసింది. మన శనక్కాయలే, ఉప్పునీళ్ళలో ఉడికించినవే. ఎండలో పోయిన ఉప్పును తిరిగి ఇవ్వడానికి అంతకన్నా ఏం కావాలి? మిరపకాయలు ఊరిన వెనిగర్ బల్ల మీద సీసాలో ఉంటుంది, ఆకుకూర మీద చల్లుకుంటారు. ఆ ఆకుకూర ఉడికిన నీళ్ళను పారబోయరు, మన కట్టులా తాగుతారు. అలసందలు, అన్నం కలిపి వండిన హాపిన్ జాన్ కొత్త సంవత్సరం నాడు ప్రతి ఇంట్లో ఉండాలి.

ఈ జాబితాలో చాలా పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో గమనించండి. బెండకాయ, అలసంద, నువ్వు. అన్నీ ఆఫ్రికా దారిన వచ్చినవి. గంబో అనే మాటే అక్కడి భాషల్లో బెండకాయ పేరు. నువ్వులను ఈ ఊళ్ళో ఇప్పటికీ బెన్నె అని పశ్చిమాఫ్రికా మాటతోనే పిలుస్తారు. వాటితో పల్చటి బిళ్ళలు చేసి అమ్ముతారు, మన నువ్వుల చెక్కకు దూరపు బంధువులు. వాటిని తెచ్చినవాళ్ళు ఇష్టపడి రాలేదు. వాళ్ళను బానిసలుగా ఓడల నుంచి దింపిన గాడ్స్‌డెన్ రేవు ఉన్నచోటే 2023లో అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. అమ్మ నాకు విసిరిన కరపత్రం అక్కడిదే.

ఇక్కడి వరి వాళ్ళు పండించిందే. ఊరి చుట్టూ నదుల్లో సముద్రపు పోటుకు మంచినీళ్ళు పైకి తన్నేచోట గట్లు కట్టి, చెక్క తలుపులు పెట్టి, పోటుకు నీళ్ళు లోపలికి, పాటుకు బయటికి పంపేవారు. ఆ తలుపు బొమ్మ చూడగానే అమ్మ "తూము కదా" అంది. కృష్ణా డెల్టా మనిషికి తూమును గుర్తుపట్టడానికి అనువాదం అక్కరలేదు. ఆ పొలాల యజమానులు మే నెల రాగానే మలేరియాకు భయపడి ఊళ్ళోకి మకాం మార్చేవారు, శీతకాలపు తొలి మంచు పడేదాకా తిరిగి వెళ్ళేవారు కాదు. ఎండలో, దోమల్లో, బురదలో మిగిలిపోయింది బానిసలు. వాళ్ళకు రోజుకు ఇంత పని అని కొలిచి ఇచ్చేవారు, చాలా పనులకు పావు ఎకరం కొలత. చీకటితో దిగితే ఆ కొలత ముందుగా ముగుస్తుంది. మిగిలిన పొద్దులో తమ తోటలో కూరగాయలు పెంచుకునేవారు, చేపలు పట్టుకునేవారు. ఇందులో దయ వెతకకండి, లేదు. కాని ఈ ప్రాంతపు ఎండలో ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు తినాలి, ఏం తినాలి అన్న జ్ఞానం ఎవరి దగ్గర పోగైందో మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది. ఏటా నెలల తరబడి పారిపోయినవాడి దగ్గర అది పోగవదు. ఈనాడు బ్రంచ్ జాబితాలో పారిపోయినవాడి విందు పెద్ద అక్షరాల్లో, మిగిలిపోయినవాడి గిన్నె కింద చిన్న అక్షరాల్లో 'పక్క వంటకాలు' పేరుతో ఉంటుంది.

వేయించిన కోడికి మాత్రం నేను కొంత క్షమాపణ చెప్పుకోవాలి. అది ఎండ ప్రయాణాల తిండే. రైళ్ళ భోజనశాలల్లో నల్లవాళ్ళను కూర్చోనివ్వని రోజుల్లో, దారిలో ఏ హోటలూ పెట్టదని తెలిసి, చెప్పుల డబ్బాల్లో వేయించిన కోడి ముక్కలు, ఉడికించిన గుడ్లు, కేకు ముక్క సర్దుకుని బయలుదేరేవారు. నీళ్ళు లేకుండా వేగిన ముక్క ఒక పూటంతా పాడవదు. మన ఇళ్ళలో ప్రయాణానికి పులిహోర కలపడం వెనక లెక్క అదే. అయితే ఆ కోడిని చల్లారాక, ఒకటో రెండో ముక్కలు తినేవారు. సలసలా కాగే నూనెలోంచి తీసి, పైన తేనె పోసి, కింద వాఫిల్ అనే గళ్ళ రొట్టె పరిచి కాదు.

మంచు వేసిన తీపి టీకి ఒక పాత మద్రాసు చుట్టరికం ఉంది. బోస్టన్ దగ్గరి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో అమ్మిన ఫ్రెడరిక్ టుడర్ అనే వ్యాపారి 1810ల చివరికే చార్ల్స్‌టన్‌కు మంచు చేరవేశాడు. ఆ వ్యాపారమే 1833లో కలకత్తా చేరింది. తర్వాత మద్రాసు సముద్రపు ఒడ్డున మంచు దాచడానికి కట్టిన ఐస్ హౌస్‌లోనే 1897లో వివేకానందుడు బస చేశాడు. ట్రిప్లికేన్‌లో చదువుకున్న మా మామయ్య ఆ పేరు వేయిసార్లు చెప్పేవాడు. కృత్రిమంగా మంచు చేసే యంత్రానికి 1851లో పేటెంటు తీసుకున్నది కూడా దక్షిణాది మనిషే, ఫ్లోరిడాలో జ్వరాల రోగుల గదిని చల్లబరచాలనుకున్న జాన్ గోరీ అనే వైద్యుడు. మంచు, ఆ తర్వాత ఎ.సి. వచ్చాక ఎండ గురించి ఆలోచించే అవసరమే పోయింది. పాత చార్ల్స్‌టన్ ఇళ్ళు సన్నటి వైపు వీధికి, పొడవాటి వసారా సముద్రపు గాలికి పెట్టి కట్టారు. వంటిల్లు అసలు ఇంటికి దూరంగా, పెరట్లో విడిగా ఉండేది. ఇప్పుడు వసారా ఫొటోలకు, తిండి అద్దాల వెనక. ఇరవై డిగ్రీల గదిలో కూర్చున్న పొట్టకు బయట జులై అని తెలియదు, తలుపు తీసేదాకా.

మనల్ని మనం ఎత్తుకునే ముందు ఒక మాట. మా తాతయ్య సూర్యుడి కన్నా ముందు పొలం వెళ్ళి, ఎనిమిదింటికి గట్టు మీద చద్దన్నం, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ తినేవాడు. ఇప్పుడు హైదరాబాదులో అదే చద్దన్నం కుండలో పెట్టి, పదకొండింటికి, ఆరు రకాల వేపుళ్ళ పక్కన అమ్ముతున్నారు. రోహిణి కార్తెలో అర్ధరాత్రి బిరియానీ తిని నిద్ర పట్టలేదని ఎండను తిట్టుకునేవాళ్ళు మన ఇళ్ళలో ఎందరు లేరు? నా స్నేహితుడి పెరుగన్నం ప్రసంగం విన్న రోజు అతని ఇంట్లో ఏం వండారో అడగాల్సింది.

సెలవు మీద వెళ్ళినవాళ్ళు కూడా ఆరింటికే లేవాలా అని అడుగుతారు. అక్కరలేదు. ఆలస్యంగానే లేవండి, ఆ వరసలోనే నిలబడండి. కాని జాబితాను కింది నుంచి పైకి చదవండి. ఒక బిస్కట్ తినండి, రెండో దాన్ని కాగితంలో చుట్టించుకోండి. బెండకాయ, ఆకుకూర, అలసందలు, పుచ్చకాయ. టీలో సగం తీపి లేనిది కలపమంటే కలుపుతారు, ఇక్కడ అది మామూలే. లేదంటే ఉదయం ఆరున్నరకు ఏదైనా పెట్రోలు బంకుకు వెళ్ళండి. పెయింటు మరకల బట్టలతో పనికి వెళ్తున్నవాళ్ళ వెనక నిలబడి, వెచ్చటి బిస్కట్ కొనుక్కోండి. ఆ వేళకు ఆ వెన్న ఎంత సరైనదో నోటికే తెలుస్తుంది.

మేం అది కూడా చేయలేదు. శనివారం సాయంత్రం ఒళ్ళు కుదుటపడ్డాక వంతెన దాటి షెమ్ క్రీక్ అనే వాగు ఒడ్డుకు వెళ్ళి, పడవల దగ్గర తలకాయలతో ఉన్న రొయ్యలు కొన్నాం. తలలు వలవడంలో అమ్మకు పోటీ లేదు. తిరగలిలో విసిరిన గ్రిట్స్ రాత్రే నానబెట్టింది. మేం అద్దెకు దిగింది ఒక పాత ఇంటి మేడ మీద, పక్కనంతా పొడవాటి వసారా. ఆదివారం ఐదున్నరకు లేచి చూస్తే ఆవిడ అప్పటికే జావ కలుపుతోంది. ఉప్పు, వెన్న, మిరియాలు తప్ప ఏమీ వేయవద్దని, ఈ ఒక్క రోజు వాళ్ళ పద్ధతిలోనే తిందామని బతిమాలాను. సరేనంది. రొయ్యల్లో రెండు పచ్చిమిరపకాయలు ఎలా పడ్డాయని అడిగితే చూడలేదంది.

ఆరున్నరకు వసారాలో కూర్చుని తిన్నాం. సముద్రం నుంచి గాలి వస్తోంది. గిన్నె ఖాళీ అయ్యాక కూడా ఇంకా చల్లగానే ఉంది. ఎనిమిదింటికి గిన్నెలు కడిగి, తొమ్మిదింటికి ఎండ వైపు కిటికీల చెక్క తలుపులు వేసేశాం. చర్చి గంటలు మోగాయి. పదిన్నరకు వీధి చివర ఆ రెస్టరెంటు ముందు వరస మొదలైంది. టోపీలు, విసనకర్రలు, ఫోన్లు. అమ్మ వసారా కటకటాల మీద మోచేతులు ఆనించి చాలాసేపు వాళ్ళను చూసింది.

"పాపం, వాళ్ళెవరూ పొద్దున్నుంచి ఏమీ తినలేదుటే?"